ఊపిరి లెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



పంచభూతములలో నాలుగింటికి లోకమున వెల యేర్పడినది. భూమికి శిస్తు కలదు. నీటికి తీరువ కలదు. అగ్నికి కట్టెల ఖరీదో గ్యాసుబండ ఖరీదో చెల్లింపక తప్పదు. ఆకాశము సైతము నేడు నగరములలో అంతస్తుల పేర అడుగుల లెక్కను అమ్ముడుపోవుచున్నది. వాయు వొక్కటియే ఇంకను ఏ దస్తరమునకు నెక్కక, ధనికునకును దరిద్రునకును అడుగకయే అందుచున్నది. వెలలేని వస్తువును పాడుచేయుట మనుష్య స్వభావము. అట్లు పాడుచేసినదాని ఖర్చు ఎవరో యొకరి పద్దున పడియే తీరును. ఆ బాకీ ఎట్లు పెరిగినది, దానిని తీర్చుటకు ఒక మహానగర మెట్లు యత్నించినది, ఆ భారమును మోసిన వారెవరు అనునది నేటి ప్రసంగ విషయము.

పల్లెటూరి సభలో పట్టణపు పొగ ముచ్చట ఏల యని ఎవరికైనను తోచవచ్చును. కోతలు ముగిసిన పిదప సాయంకాలపు బస్సు నెక్కి పోవు పిల్లలను ఒక్కమారు తలచుకొన్నచో సమాధానము దొరకును. వారిలో నొకడు హైదరాబాదున ఆటో నడుపును. వేరొకడు పెట్రోలు బంకున నిలిచి బండ్లకు పెట్రోలు కొట్టును. ఇంకొకడు కానిస్టేబులై నాలుగుదారుల కూడలిలో చేయి చాచి నిలుచును. మేడ మీది అద్దాల గదిలో కూర్చున్నవానికంటె ఈ మువ్వురే ఎక్కువ పొగ పీల్చుదురు. కావున పట్టణపు గాలి లెక్కలో పల్లెకు వాటా కలదు. ఆ వాటా లాభమునందు కాదు, నష్టమునందు.

భారతమున ఆదిపర్వమందు ఖాండవదహన కథ ప్రసిద్ధము. శ్వేతకి చేసిన యజ్ఞములలో ఎడతెగక నేయి త్రాగి అగ్నిదేవునకు అజీర్తి కలిగెననియు, ఆ రోగము తీరుటకు ఖాండవవనమును ఆహారముగా కోరెననియు కథ. ఆ వనము ఇంద్రప్రస్థమునకు చేరువనే యుండెను. ఇంద్రప్రస్థమున్న చోటనే నేటి ఢిల్లీ నగరము వెలసినదని పరంపరగా చెప్పుదురు. కథలోని అగ్ని ఒకమారు వనమును తిని తృప్తిచెందినాడు. నేటి ఢిల్లీలోని అగ్నికి తృప్తి లేదు. లక్షలాది యంత్రముల కడుపులలో దినదినమును అది నూనెను త్రాగుచునే యున్నది. నాటి దహనమున తప్పించుకొన్నవారు మయుడు మున్నగు కొలదిమందియే. నేటి పొగను తప్పించుకొను నుపాయము కొలదిమందికి కూడ లేదు.

మొదట పొగ యనగా నేమో విచారింపవలెను. పెట్రోలుగాని డీజిలుగాని పూర్తిగా కాలినచో బొగ్గుపులుసు వాయువును నీటియావిరియును మిగులవలెను. యంత్రములో ఎన్నడును దహనము పూర్తిగా జరుగదు. సగము కాలినదానినుండి కార్బన్ మోనాక్సైడను విషవాయువు పుట్టును. అది నెత్తురులో చేరి ప్రాణవాయువు కూర్చుండవలసిన పీటను ఆక్రమించును. కాలక మిగిలిన నూనె ఆవిరులుగా వెలువడును. డీజిలునుండి మసి పుట్టును. యంత్రపు మహోష్ణమున గాలిలోని నత్రజని సైతము మండి నత్రజని ఆక్సైడులగును. నూనెలో గంధకమున్నచో గంధక వాయువు తోడగును. వీని యన్నిటిలో మిక్కిలి ప్రమాదకరమైనవి సూక్ష్మధూళి కణములు. రెండున్నర మైక్రోమీటర్లకు లోబడిన యీ కణము తలవెండ్రుక మందములో సుమారు ముప్పదవ వంతు. ముక్కులోని వెండ్రుకలు దానిని ఆపలేవు. అది ఊపిరితిత్తుల అడుగునకు దిగి, అచ్చటినుండి రక్తములోనికిని పోగలదు. డీజిలు పొగ కాన్సరును కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ 2012 లో నిర్ణయించినది.

ఢిల్లీకి సముద్రపు గాలి లేదు. శీతకాలమున భూమి చల్లబడి, చల్లని గాలి క్రిందను వెచ్చని గాలి పైనను నిలుచును. గాలి కదలదు. మూత వేసిన కుండలో పొయ్యి రాజేసినట్లు నగరపు పొగ నగరముననే తిరుగాడును. భారత ప్రభుత్వము 2009 లో నిర్ణయించిన ప్రమాణము ప్రకారము సూక్ష్మధూళి ఏటి సగటున ఘనమీటరు గాలికి 40 మైక్రోగ్రాములు మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 లో దానిని 5 మాత్రమే యనినది. ఢిల్లీ సగటు ఇటీవలి సంవత్సరములలో భారతీయ పరిమితికే రెట్టింపు దాటుచున్నది.

ఈ స్థితిని సరిచేయుటకు జరిగిన యత్నము నాలుగు దశాబ్దములనాటిది. 1985 లో ఎం. సి. మెహతా యను న్యాయవాది ఢిల్లీ వాహనముల పొగను గూర్చి సుప్రీంకోర్టున వ్యాజ్యము దాఖలు చేసెను. రాజ్యాంగము ఇరువది యొకటవ అధికరణమున జీవించుహక్కు నిచ్చినది. ఊపిరి పీల్చుటకు గాలియే లేనిచో ఆ హక్కునకు అర్థము లేదు గదా. ఈ వ్యాజ్యము ఏండ్ల తరబడి సాగెను. దాని ఫలముగా మొదట తొలగినది సీసము. పూర్వము యంత్రము మెత్తగా నడుచుటకై పెట్రోలులో సీసపు సమ్మేళనమును కలుపుచుండిరి. ఆ సీసము పొగతో వెలువడి పిల్లల రక్తమున చేరి వారి బుద్ధిని మందగింపజేయును. 1995 ఏప్రిలునుండి నాలుగు మహానగరములలో క్రొత్త కార్లకు పొగను శుద్ధిచేయు పరికరమును అమర్చి, సీసము లేని పెట్రోలును అమ్మసాగిరి. 1998 లో ఢిల్లీయందును, 2000 ఫిబ్రవరినుండి దేశమంతటను సీసపు పెట్రోలు అమ్మకము నిలిచిపోయినది. ఈ మార్పును తెచ్చుటకు ఇంటింటికి తిరిగి ఎవరిని బ్రతిమాలలేదు. నూనె శుద్ధిచేయు చోటనే దోషమును తీసివేసిరి. బావి నీరు చెడినప్పుడు కడవ కడవను కడుగుటకంటె బావిని బాగుచేయుట మేలు గదా.

తరువాతి ఘట్టము మిక్కిలి కష్టమైనది. 1998 జనవరిలో భూరేలాల్ అధ్యక్షతన ఒక పర్యావరణ ప్రాధికార సంస్థ యేర్పడినది. దాని సిఫారసులపై ఆ సంవత్సరము జూలై 28 న సుప్రీంకోర్టు ఉత్తరువు చేసెను. 2001 మార్చి 31 నాటికి నగరపు బస్సులన్నియు డీజిలును విడిచి, సి.ఎన్.జి. యను అదిమిన సహజవాయువుతో నడువవలెను. 1990 కి పూర్వపు ఆటోలును టాక్సీలును 2000 మార్చి 31 లోపల మారవలెను. బస్సుల సంఖ్య పదివేలకు పెరుగవలెను. వాయువు నింపు బంకులు తగినన్ని వెలయవలెను. ఉత్తరువు స్పష్టముగనే యుండెను. గడువు స్పష్టముగనే యుండెను. గడువు చేరువగువరకు ప్రభుత్వ కార్యాలయములు మాత్రము తొందరపడలేదు.

2001 ఏప్రిలు వచ్చునప్పటికి బస్సులు చాలలేదు, వాయువు చాలలేదు, దానిని నింపు బంకులును చాలలేదు. ఆఫీసులకు పోవువారు బస్సులు లేక దారులలో నిలిచిపోయిరి. వాయువు దొరకు చోట ఆటోలు బారులు తీరి, గంటల తరబడి, కొన్ని వేళల రాత్రంతయు వేచియుండెను. ఆటో నడుపువానికి కాలమే ధాన్యము. బారులో గడచిన ప్రతి గంటయు ఇంటిలోని చేటనుండి తగ్గిన గింజయే. పాత బండిని వదలి క్రొత్తది కొనుటకు వాడు అప్పుచేసెను. అంతకుముందే, అనగా 1997 డిసెంబరులో, ఢిల్లీలో ఆటోల సంఖ్య పెరుగరాదని సుప్రీంకోర్టు పరిమితి విధించియుండెను. సంఖ్య పెరుగనందున పర్మిట్టునకు బండిని మించిన వెల యేర్పడినది. ఆ వెల అప్పులిచ్చువారి పెట్టెకు చేరినది. ఆ పరిమితిని 2011 లో లక్షకు పెంచిరి. గాలిని శుభ్రపరచుట ధర్మము, సందేహములేదు. కాని ఆ ధర్మమునకు ఖర్చు పెట్టినవారిలో ముందువరుసన నిలిచినవాడు ఖాకీచొక్కా ఆటోవాడు. వానికి సన్మానపత్రము ఎవరును చదువలేదు.

ఇంతలో వేరొక వాదము బయలుదేరినది. ఏ నూనెయైన నేమి, పొగ పరిమితిని నిర్ణయించిన చాలునని ప్రభుత్వము నియమించిన మాషేల్కర్ సంఘము సూచించినది. శాస్త్రరీత్యా ఆ వాదమున కొంత న్యాయము కలదు. కాని నాడు దొరకుచున్న డీజిలు మలినమైనది. దానిని తగ కొలుచు యంత్రాంగమును లేదు. కల్తీ చేయువారు మాత్రము కావలసినందరుండిరి. సహజవాయువునకు కిరసనాయిలు కలుపుట సాధ్యము కాదు. 2002 ఏప్రిలు 5 న సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసివేసి, మారని డీజిలు బస్సుకు దినమునకు 500 రూపాయలును, ముప్పది దినముల పిదప 1000 రూపాయలును జరిమానా విధించెను. ఆ సంవత్సరాంతమునకు ఢిల్లీ సిటీ బస్సులలో డీజిలు అంతరించెను. 2002 డిసెంబరు 24 న షాహదరానుండి తీస్ హజారీ వరకు మెట్రో రైలు ప్రారంభమైనది. నగరవాసులు ఆ దినములలో ఆకాశపు నీలమును మరల చూచిరి.

ఆ సంతోషము చిరకాలము నిలువలేదు. బస్సుల పొగ తగ్గినను సొంత బండ్లు పెరిగెను. 2018 నాటికి ఢిల్లీయందు నమోదైన వాహనముల సంఖ్య కోటి దాటినది. ఒక్కొక్క బండి పూర్వముకంటె తక్కువ పొగ వదలినను, బండ్లు రెట్టింపైనచో లాభమంతయు హరించును. పంట పెరిగినదని సంతసించు రైతు ఇంట తినువారు అంతకంటె వేగముగ పెరిగినట్లు ఇదియును.

నూనె శుద్ధి మాత్రము ముందుకు సాగినది. డీజిలులో గంధకమున్నచో పొగను వడపోయు పరికరములు పనిచేయవు. నాలుగవ భారత దశలో పదిలక్షల పాళ్లకు 50 పాళ్లుండిన గంధకము ఆరవ దశలో 10 పాళ్లకు తగ్గినది. ఐదవ దశను దాటవేసి, ఢిల్లీలో 2018 ఏప్రిలునుండి ఆ నూనెను అమ్మిరి. 2020 ఏప్రిలునుండి దేశమంతటను ఆ నూనెయు, ఆ దశకు చెందిన బండ్లును వచ్చినవి. నగరముతో పనిలేక దాని గుండా పోవు లారీల విషయమున 2015 అక్టోబరులో సుప్రీంకోర్టు తేలికబండికి 700, పెద్దలారీకి 1300 రూపాయల పర్యావరణ రుసుము విధించి, డిసెంబరులో దానిని రెట్టింపు చేసెను. 2018 లో నగరము చుట్టును తూర్పు పడమటి దారులు రెండును తెరువబడుటచే అట్టి లారీలకు వేరు త్రోవ దొరకినది. సరి బేసి సంఖ్యల బండ్లను దినము మార్చి దినము నడుపు పద్ధతిని 2016 లోను 2019 లోను పరీక్షించిరి. అది జ్వరమునకు తడిగుడ్డ వంటిది. వేడిని కొంత దించును గాని రోగమును కుదుర్చజాలదు.

ఇక పెట్రోలు బంకు సంగతి. బండి తోకనుండి వచ్చు పొగ కంటికి కనబడును. బంకునుండి వచ్చు విషము కనబడదు. ముక్కునకు తియ్యగా తగులు పెట్రోలు వాసనయే ఆ విషము. బండి ట్యాంకు ఖాళీయని పేరేగాని నిజమునకు దానినిండ పెట్రోలు ఆవిరి యుండును. ముప్పది లీటర్ల పెట్రోలు లోపల పోసినప్పుడు ముప్పది లీటర్ల ఆవిరి బయటికి నెట్టబడును. టాంకరు వచ్చి భూమిలోని తొట్టిని నింపినప్పుడును ఇదే న్యాయము. ఈ ఆవిరి గాలికంటె బరువైనది గావున నేలబారున ప్రాకి, నిలుచున్నవాని ముక్కునకును, అచ్చట ఆడుకొను బిడ్డ ముక్కునకును ముందు తగులును. అందులో బెంజీన్ అను పదార్థము కలదు. అది రక్తపు కాన్సరునకు కారణమని నిశ్చయమైనది. నేటి పెట్రోలులో నూటికి ఒక వంతు మించి బెంజీన్ ఉండరాదని నియమము. మిగిలిన ఆవిరులును నిర్దోషములు కావు. నత్రజని ఆక్సైడులతో కూడి, ఎండ తగిలినప్పుడు అవి నేలమట్టపు ఓజోనగును. ఆకాశమున రక్షకమైన ఓజోను నేలమీద ఊపిరితిత్తులను మండించును.

లెక్కకు వచ్చినచో అమెరికా కొలతల ప్రకారము, ఏ కట్టడియు లేని చోట కారులో పోసిన ఒక్కొక్క లీటరునకు సుమారు ఒక గ్రామునకు పైగా ఆవిరి పోవును. ఒక్క గ్రామే గదా యనిపించును. దినమునకు పదివేల లీటర్లు అమ్ము బంకున అది పది కిలోగ్రాములు దాటును. ఏడాదికి కూడుకొన్నచో ఎన్ని పీపాల పెట్రోలు గాలిపాలగునో ఆలోచింపుడు. పెట్రోలు ఖరీదిచ్చి కొని, విషముగా మార్చి, ఉచితముగా పంచిపెట్టుట లోకమున మరియొక వ్యాపారమునందు కానరాదు.

దీనికి విరుగుడు కష్టమైనది కాదు. టాంకరు తొట్టిని నింపునపుడు వేరొక గొట్టము ద్వారా ఆవిరిని తిరిగి టాంకరులోనికే పంపవచ్చును. ఇది మొదటి మెట్టు. బండిలో పోయునపుడు గొట్టపు మూతి చుట్టును ఆవిరిని పీల్చి భూగర్భపు తొట్టికి చేర్చవచ్చును. ఇది రెండవ మెట్టు. యూరపు దేశముల సమాఖ్య 2009 లో ఈ రెండవ మెట్టును శాసనము చేసినది. అమెరికాలో 1998 నుండి క్రొత్త కార్లలోనే ఆవిరిని పట్టుకొను బొగ్గు డబ్బీ నమర్చుచు వచ్చిరి. అట్టి కార్లు అంతటను వ్యాపించినందున బంకులలోని రెండవ మెట్టును ఇక విడువవచ్చునని 2012 లో నిర్ణయించిరి. భారతదేశమున కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో మార్గదర్శకములను వెలువరించి, అమ్మకము హెచ్చుగానున్న బంకులకు ఆవిరి పట్టు పరికరములను విధించెను. క్రొత్త బంకు బడికిని, పది మంచములకు తగ్గని ఆసుపత్రికిని, నివాస ప్రాంతమునకును 50 మీటర్ల లోపల ఉండరాదు. స్థలపు ఇబ్బంది యున్నచోట అదనపు రక్షణలతో 30 మీటర్లకు తగ్గవచ్చును గాని, అంతకంటె తగ్గరాదు.

యంత్రము తగిలించినంతమాత్రమున పని తీరదు. గొట్టము చిరిగినచో, పీల్చు మర చెడినచో, పరికరము అలంకారమాత్రమగును. దానిని నియమముగ పరీక్షించి పద్దు వ్రాయువాడు కావలెను. బంకున నిలిచిన కుఱ్ఱవాడు పూటంతయు ఆ ఆవిరిలోనే నిలుచును. యజమాని గది వేరు, వాని చోటు వేరు. పరికరము పనిచేయుచున్నదా లేదా యని అడుగు హక్కు తనకు కలదని వానికి తెలియవలెను. ట్యాంకు నిండి మర దానంతట ఆగిన పిదప, ఇంకొక పది రూపాయలది కొట్టుమని తొందరపెట్టు పెద్దమనిషికిని తన మాటవలన నేలపాలగునది ఏమో తెలియవలెను.

ధ్రువపత్రముల సంగతి మరియొక అధ్యాయము. ప్రతి బండికిని పొగ పరీక్ష చేయించి పత్రము పొందవలెనని నియమము. ఆ పరీక్ష కేంద్రములు పెక్కులు బంకులలోనే యున్నవి. పెట్రోలు బండికి విషవాయువును, కాలని ఆవిరిని కొలుతురు. డీజిలు బండికి పొగ దట్టమును కొలుతురు. సూక్ష్మధూళిని తూచువారు లేరు. ఆ కొలుచునదియైనను నిజముగ కొలిచిరా యను ప్రశ్న కలదు. 2025 ఏప్రిలులో ఢిల్లీ శాసనసభ ముందుంచిన కాగ్ ఆడిటు నివేదిక దీనిని బయటపెట్టినది. పరిమితి మించి పొగ వదలిన లక్షకు పైబడిన బండ్లకు సైతము పత్రములు దొరకినవి. ఒకే కేంద్రమున ఒకే సమయమున ఒకటికంటె ఎక్కువ బండ్లను పరీక్షించినట్లు వ్రాసిన పద్దులు వేలకొలది యుండెను. చేను త్రొక్కక, పైరు చూడక, చావడిలో కూర్చుండి అడంగలు వ్రాసినచో ఎట్లుండునో ఇదియు నట్లే. కాగితమున పంట పచ్చగా నుండును. గాదె మాత్రము నిండదు.

అదే సంవత్సరము బంకునే ద్వారపాలకునిగా నిలుపు యత్నమొకటి జరిగినది. పదేండ్లు దాటిన డీజిలు బండికిని, పదునైదేండ్లు దాటిన పెట్రోలు బండికిని ఢిల్లీలో నూనె పోయరాదనియు, బంకుల వద్ద కెమెరాలు సంఖ్యాఫలకములను చదివి పట్టించుననియు వాయునాణ్యతా కమిషను ఆదేశించినది. 2025 జూలై 1 న అది అమలునకు వచ్చెను. కొలది దినములలోనే ప్రజల ఆక్షేపణవలనను కెమెరాల లోపములవలనను దానిని వాయిదా వేసిరి. వయస్సును మాత్రమే చూచి అట్టి బండ్ల యజమానులపై చర్య తీసికొనరాదని ఆగస్టు 12 న సుప్రీంకోర్టు చెప్పెను. డిసెంబరులో ఆ రక్షణను నాలుగవ దశకును ఆపై దశలకును చెందిన బండ్లకే పరిమితము చేసెను. పాత స్కూటరు మీద పాలు పోయువాని పక్షమునను న్యాయము కలదు. ఆ పొగను పీల్చు బిడ్డ పక్షమునను న్యాయము కలదు. ఈ రెండు న్యాయములను కలుపునది ఒక్కటే. పాతది విడుచువానికి క్రొత్తది చేజిక్కు దారిని ముందుగా చూపి, పిదప పాతదానిని నిషేధింపవలెను. 2001 లోని ఆటోల బారు ఈ పాఠమునే చెప్పినది. ఇరువది నాలుగేండ్ల పిదప అదే పాఠమును మరల చదువవలసివచ్చినది.

సత్యము చెప్పవలెనన్నచో ఢిల్లీ దోషమంతయు వాహనములది కాదు. కాన్పూరు ఐ.ఐ.టి. వారు 2016 లో సమర్పించిన పరిశోధన ప్రకారము నగరమున వెలువడు సూక్ష్మధూళిలో వాహనముల పొగ నూటికి 20 పాళ్లు, రోడ్డు దుమ్ము 38 పాళ్లు. తక్కినది పరిశ్రమలనుండియు, వంటకట్టెలనుండియు, ఇతరములనుండియు వచ్చును. కాని ఆ రోడ్డు దుమ్మును లేపునవియు బండ్ల చక్రములే. పైగా దుమ్మువలె గాక, బండి పొగ సరిగా మనిషి ముక్కు ఎత్తున వెలువడును. కావున వాహనముల సంఖ్య తగ్గనిది ఏ లెక్కయు కుదురదు. ఒక బస్సున ఏబదిమంది పోవుదురు. ఆ ఏబదిమంది విడివిడిగ బండ్లెక్కినచో వీథి చాలదు, గాలియు చాలదు. సకాలమున వచ్చు బస్సు ఏ నిషేధముకంటెను ఎక్కువ పొగను తగ్గించును.

తెలుగు నగరములును ఈ లెక్కనుండి తప్పించుకొనలేదు. 2003 లో సుప్రీంకోర్టు ఢిల్లీ తరువాత దృష్టి పెట్టవలసిన నగరములను పేర్కొన్నప్పుడు వానిలో హైదరాబాదును చేర్చినది. 2019 లో ప్రారంభమైన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమము మొదటి జాబితాయందు హైదరాబాదు, నల్లగొండ, పటాన్‌చెరువు, విజయవాడ, గుంటూరు, విశాఖపట్టణము, నెల్లూరు, కర్నూలు కలవు. మేలును జరుగకపోలేదు. హైదరాబాదున 2003 లో స్థానిక రైళ్లును, 2017 నవంబరులో మెట్రోయును వచ్చినవి. 2022 సెప్టెంబరునుండి తిరుపతి తిరుమల ఘాటు దారిలో విద్యుత్తు బస్సులు నడువసాగినవి. కొండనెక్కు భక్తుడు గోవిందనామము పలుకునపుడు డీజిలు పొగ గొంతునకు అడ్డుపడకుండుట చిన్న మేలు కాదు.

ఢిల్లీ కథనుండి తెలుగు నగరములు గ్రహింపవలసినవి నాలుగు. మొదటిది, దోషమును మూలముననే తీసివేయవలెను. సీసము, గంధకము తొలగిన తీరు దీనికి సాక్ష్యము. రెండవది, ఉత్తరువునకు ముందు సరఫరా యుండవలెను. బంకు లేని వాయువు, బస్సు లేని నిషేధము పేదవాని వీపున పడు బెత్తములు. మూడవది, పరీక్ష నిజముగ జరుగవలెను. చూడక వ్రాసిన పత్రము పొగకంటె చెడ్డది. ఏలయన పొగను ముక్కు పట్టుకొనును, పత్రమును ఏ ముక్కును పట్టుకొనజాలదు. నాలుగవది, లాభము ఎవరికో ఖర్చును వారే భరింపవలెను. నాలుగు కార్లవాడు వదలిన పొగకు ఆటోవాడు అప్పుపడుట ధర్మము కాదు.

మహాశయులారా! పాలసముద్రమును చిలికిన నాడు అమృతమునకు ముందు హాలాహలము పుట్టినది. అమృతమునకై దేవతలును రాక్షసులును పెనగులాడిరి. విషమును మ్రింగుటకు మాత్రము శివుడొక్కడే ముందుకు వచ్చెను. నగరములను చిలికి ఐశ్వర్యమును తీయుచున్న ఈ కాలమున, కూడలిలోని కానిస్టేబులు, బంకునందలి కుఱ్ఱవాడు, ఆటోవాడు శివుని పాత్రను అడుగకయే ధరించుచున్నారు. శివుడు దేవుడు గనుక విషము కంఠముననే ఆగినది. వీరు మనుష్యులు, ఆగదు.

ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయము ఊరి పిల్లలకు అక్షరభిక్ష పెట్టినది. ఇచ్చట పత్రిక చదివిన పిల్లవాడే రేపు బంకున నిలుచును, లారీ నడుపును, కార్యాలయమున పద్దు వ్రాయును. వానిలో నొక్కడైనను, పరికరము పనిచేయుచున్నదా యని అడిగినచో, చూడక పత్రము వ్రాయనని చెప్పినచో, ఈ బల్లల మీద వెలిగిన దీపము వ్యర్థము కాలేదని తలంపవచ్చును. ఏ నియమము ఎచ్చట వ్రాయబడియున్నదో తెలిసినవానిని మోసగించుట కష్టము. ఆ తెలివి నిచ్చు చోటు గ్రంథాలయము. పట్టణమునకు పిల్లలను పంపు ప్రతి ఊరికిని వారు ఆరోగ్యముగ తిరిగివత్తురా యని అడుగు హక్కు కలదు. రజతోత్సవ సందర్భమున ఈ గ్రంథాలయపు అరలలో ఆరోగ్యమును, మోటారు చట్టములను, పర్యావరణ నియమములను తెలుపు తెలుగు పుస్తకములకు ఒక అర కేటాయింపబడుగాక. గ్రామమునకును, గ్రంథాలయమునకును, ఊరు విడిచి పొగలో బ్రతుకు బిడ్డలకును శుభమగుగాక.

స్వస్తి.